సోలార్ పంపును రాత్రిపూట పరీక్షించాలి: ఇంటి ఆక్వాపోనిక్స్‌లో ఒక 50 వాట్ల కిట్ పనితీరు

ముందే తీర్పు చెప్పేస్తాను. ఈ కిట్‌లోని పంపు మేలైనది. ప్యానెల్ ఫరవాలేదు. అయినా పెట్టెలో వచ్చింది వచ్చినట్టు బిగించి, చేపలున్న తొట్టిని దాని మీదే వదిలేస్తే చేపలు బతకవు. బ్యాటరీ చేర్చి, ప్యానెల్ సామర్థ్యం పెంచాక మాత్రం ఇదే పంపు మా ఇంటి ఆక్వాపోనిక్స్‌ను, అంటే చేపల తొట్టి నీటితోనే మొక్కలు పెంచే ఏర్పాటును, రాత్రింబవళ్లు నడుపుతోంది. మొదటి స్థితి నుంచి రెండో స్థితికి రావడానికి ఏమేం కావాలో కొనేవాళ్లకు ముందే తెలియాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

కిట్‌లో వచ్చేవి ఇవి: 50 వాట్ల ప్యానెల్, నీటిలో ముంచి పెట్టే 25 వాట్ల 12 వోల్టుల బ్రష్‌లెస్ పంపు, 5 మీటర్ల వైరు, ఒక స్పాంజి ఫిల్టర్, ఫౌంటెన్ కోసం నాలుగైదు రకాల నాజిళ్లు. నాజిళ్లను బట్టే దీన్ని ఎవరి కోసం తయారు చేశారో అర్థమవుతుంది. తోటలో నీళ్లు చిమ్మే అలంకారానికి ఉద్దేశించిన వస్తువు ఇది. ఇదే అమరిక వేర్వేరు పేర్లతో, వేర్వేరు రంగుల పెట్టెల్లో దొరుకుతుంది కనుక నేను ఏ పేరూ రాయడం లేదు. ఈ కొలతలతో మీకు కనిపించే చాలా కిట్లకు నా మాటలు వర్తిస్తాయి.

మా దగ్గర 600 లీటర్ల చేపల తొట్టి ఒకటి, మట్టి గుళికలు నింపిన 200 లీటర్ల మొక్కల తొట్టెలు రెండు ఉన్నాయి. గుళికల లోతు 30 సెంటీమీటర్లు. తొట్టిలో తిలాపియా, పైన ఆకుకూరలు, ఒక పక్కన టమాటా. చేపల తొట్టిలోని నీటి మట్టం నుంచి మొక్కల తొట్టి అంచు దాకా నీటిని 1.3 మీటర్లు ఎత్తాలి. పంపు విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన సంఖ్య ఇదే. పెట్టె మీద గంటకు 1200 లీటర్లు అని, 3 మీటర్ల ఎత్తు అని రాసి ఉంది. రెండూ నిజాలే, కానీ రెండూ ఒకేసారి నిజం కావు. ఏమాత్రం ఎత్తకుండా పారిస్తే 1200 లీటర్లు వస్తాయి. 3 మీటర్ల దగ్గర నీరు గొట్టంలో నిలబడుతుంది తప్ప బయటికి చుక్క రాదు. మధ్యలో ఎక్కడ ఎంత వస్తుందో చెప్పే పట్టిక మంచి తయారీదారులు ఇస్తారు, ఇందులో లేదు.

అందుకే బకెట్‌తో కొలిచాను. నడి మధ్యాహ్నం, ఎండ నిండుగా ఉన్నప్పుడు, గొట్టం చివరన 10 లీటర్ల బకెట్ 58 సెకన్లలో నిండింది. అంటే గంటకు దాదాపు 620 లీటర్లు. తొట్టిలో ఉన్నంత నీరు గంటకొకసారి తిరగాలన్నది ఇంటి ఆక్వాపోనిక్స్‌లో అందరూ పాటించే లెక్క. 600 లీటర్ల తొట్టికి అది సరిగ్గా సరిపోయింది. పెట్టె మీద ఉన్న 1200 చూసి వెయ్యి లీటర్ల తొట్టికి ఇది చాలనుకునేవాళ్లు తప్పకుండా ఇబ్బంది పడతారు. మీ ఎత్తు కొలుచుకోండి, పెట్టె మీది సంఖ్యలో సగమే వస్తుందని అనుకుని మొదలుపెట్టండి.

ఎండ తగ్గినప్పుడు నీరు కూడా కొంచెం కొంచెంగా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. పంపు తిరిగే వేగం సగానికి పడితే నీటి పరిమాణం సగమవుతుంది, నీరు ఎక్కగల ఎత్తు మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ పంపు పూర్తి వేగంలో 3 మీటర్లు ఎక్కిస్తుంది కనుక సగం వేగంలో 75 సెంటీమీటర్లే ఎక్కిస్తుంది. నాకు కావలసింది 1.3 మీటర్లు. కాబట్టి మబ్బు దట్టంగా కమ్మినప్పుడు పంపు లోపల తిరుగుతూనే ఉంటుంది, చేతికి కదలిక తెలుస్తుంది, పైన మాత్రం నీరు రాదు. పంపు పాడైందని తిప్పి పంపేవాళ్లలో కొందరి సమస్య బహుశా ఇదే అయి ఉంటుంది.

ప్యానెల్ మీద రాసిన 50 వాట్లు చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ పడుతూ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. నిజమైన ఎండలో సెల్స్ 60 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. డిగ్రీకి 0.4 శాతం చొప్పున పోగా 43 వాట్లు మిగులుతాయి. పంపుకు 25 చాలు కనుక ఆ నష్టం మధ్యాహ్నం కనిపించదు. ఉదయం తొమ్మిది దాటిన దగ్గర నుంచి మూడున్నర దాకా ధార స్థిరంగా ఉంది. ఉదయం ఏడు, ఎనిమిది మధ్య మాత్రం పంపు కదలబోయి ఆగడం, మళ్లీ కదలబోయి ఆగడం గమనించాను. లేత ఎండలో ప్యానెల్ వోల్టేజీ చూపిస్తుంది, కరెంటు ఇవ్వలేదు. పంపు లాగగానే ఆ వోల్టేజీ కుప్పకూలుతుంది. ఇది మోటారుకు మంచిది కాదు. దీన్ని ఆపే చిన్న సర్క్యూట్ ఖరీదైన కిట్లలో ఉంటుంది.

నీడ సంగతి కూడా చెప్పాలి. ప్యానెల్‌లోని 36 సెల్స్ వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఒక్క సెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తంలో కరెంటు తగ్గుతుంది. బాగా ఎదిగిన టమాటా కొమ్మ ఒకటి ప్యానెల్ మూలకు అడ్డం వచ్చిన పూట ధార సగానికి పైగా పడిపోయింది. ప్యానెల్‌ను మొక్కలకు దూరంగా, ఎత్తులో పెట్టండి. దుమ్ము తుడుస్తూ ఉండండి.

మొక్కల తొట్టిలో బెల్ సైఫన్ వాడేవాళ్లు ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాను. నీరు పై దాకా నిండగానే గంట ఆకారపు గొట్టంలో సైఫన్ మొదలై, తొట్టిని గబగబా ఖాళీ చేసి, అడుగున గాలి పీల్చుకుని ఆగిపోవడం దాని పని. అది పనిచేయాలంటే వచ్చే ధార ఒక పరిధిలో ఉండాలి. ధార మరీ సన్నగిల్లితే సైఫన్ అంటుకోదు, నీరు గొట్టం అంచు మీదుగా జారుతూ పోతుంది, వేళ్లు నీటిలోనే ఉండిపోతాయి. మరీ పెరిగితే మొదలైన సైఫన్ ఆగదు. నేరుగా ప్యానెల్‌కు కలిపిన పంపు ధార మబ్బు మబ్బుకూ మారుతుంది. మధ్యాహ్నపు ధారకు సరిచూసి బిగించిన సైఫన్ సాయంత్రం నాలుగింటికి పనిచేయలేదు, సాయంత్రానికి సరిచేస్తే మధ్యాహ్నం ఆగలేదు. సైఫన్ బాగానే ఉంది. దానికి అందవలసిన స్థిరమైన ధారను ఈ కిట్ ఒంటరిగా ఇవ్వలేదు.

ఇక రాత్రి. పొలానికో తోటకో నీళ్లు పెట్టే సోలార్ పంపు రాత్రి ఆగితే ఏ నష్టమూ లేదు, మర్నాడు పెట్టుకోవచ్చు. ఆక్వాపోనిక్స్‌లో పంపు పెట్టేది మొక్కల దాహం తీర్చడానికి మాత్రమే కాదు. చేపల మొప్పల నుంచి, వాటి వ్యర్థాల నుంచి వాటికే విషమైన అమ్మోనియా నీటిలో చేరుతూనే ఉంటుంది. మట్టి గుళికల మీద బతికే నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రోస్పైరా లాంటివి ఆ నైట్రైట్‌ను మొక్కలకు పనికొచ్చే నైట్రేట్‌గా మారుస్తాయి. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్ పూర్తిగా నైట్రేట్ కావడానికి దాదాపు 4.6 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. అంటే నీటిలోని ఆక్సిజన్‌ను చేపలతో పాటు బ్యాక్టీరియా కూడా పంచుకుంటుంది, వేళ్లు కూడా పంచుకుంటాయి. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడితే అదీ తీసుకునేదే. అందుకే నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. సూర్యుడు లేక పంపు ఆగి ఉండే సమయమూ అదే.

వేడి నీటిలో పరిస్థితి ఇంకా కష్టం. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర ఆ హద్దు ఏడున్నరకు తగ్గుతుంది. అదే వేడికి చేపల అవసరం మాత్రం పెరుగుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములకు పైన ఉంచడం అందరికీ క్షేమం. తిలాపియా అంతకంటే తక్కువలోనూ ఓర్చుకుంటుంది గానీ, ఓర్చుకోవడం వేరు, ఎదగడం వేరు.

ఈ కిట్‌ను రాత్రి ఎలా ఉంటుందో చూడకుండా నమ్మకూడదని, కరెంటు మీద నడిచే గాలి పంపును చేతికి అందేలా పెట్టుకుని, ఆక్సిజన్ మీటరు తొట్టిలో ఉంచి గమనించాను. చేపల మొత్తం బరువు ఐదు కిలోల లోపే, అంటే తొట్టి ఏమంత కిక్కిరిసి లేదు. పంపు ఆగిన సమయానికి మీటరు 6.5 చూపింది. మూడు గంటలు గడిచేసరికి 4.1. చేపలు పై పొరకు చేరడం మొదలుపెట్టాయి. అక్కడితో పరీక్ష ఆపి గాలి పంపు వేశాను. అప్పటికి రాత్రి ఎనిమిది, తెల్లవారడానికి ఇంకా ఎంతో సమయం ఉంది. కిట్ పెట్టె మీద చేపల బొమ్మ వేసి అమ్మేవాళ్లు ఈ విషయాన్ని పెద్ద అక్షరాల్లో రాయాలి. నీటిలో ఉన్న ప్రాణికి ఊపిరి అందక పోతుంటే తప్పించుకునే దారి ఉండదు. దాని గాలి మన చేతిలో ఉంటుంది. ఈ మాట రాయకుండా అమ్మడం నాకు కోపం తెప్పించింది.

అమ్మేవాళ్లు అదనంగా ఇచ్చే బ్యాటరీతో సరిపోతుందా? 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ అది. మొత్తం 84 వాట్ అవర్లు (ఒక వాటు చొప్పున గంటసేపు ఖర్చయ్యే శక్తి ఒక వాట్ అవర్). లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చెడుతుంది కనుక వాడుకోదగింది 42. మన 25 వాట్ల పంపుకు అది రెండు గంటలు కూడా రాదు. కొనవద్దు.

నేను చేసిన ఏర్పాటు చెబుతాను. మొదట రోజంతటికీ ఎంత కావాలో లెక్క వేశాను. పగలు 12 గంటలు పంపు ఆపకుండా నడిస్తే 300 వాట్ అవర్లు. రాత్రి గంటకు 20 నిమిషాల చొప్పున నడిస్తే 100. రాత్రంతా 5 వాట్ల గాలి పంపు నడిస్తే 60. మొత్తం 460. ప్యానెల్ రోజుకు నాలుగున్నర గంటల నిండు ఎండకు సమానమైన వెలుతురు అందుకుంటుందని, అందులో వేడికి, వైర్లకు, బ్యాటరీకి పోగా 70 శాతం మిగులుతుందని తీసుకుంటే, కిట్‌లోని 50 వాట్ల ప్యానెల్ ఇచ్చేది దాదాపు 157. అవసరంలో మూడో వంతు. కాబట్టి 150 వాట్ల సామర్థ్యం కావాలి. అదే రకం 50 వాట్ల ప్యానెళ్లు మరో రెండు తెచ్చి పక్కపక్కనే సమాంతరంగా కలిపాను. మీ దగ్గర ఎండ ఎక్కువో తక్కువో చూసుకుని ఆ నాలుగున్నరను మార్చుకోండి, మిగతా లెక్క అదే.

బ్యాటరీగా 12.8 వోల్టుల 50 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పెట్టాను. మొత్తం 640 వాట్ అవర్లు, 80 శాతం వాడినా 512 వస్తాయి. ముసురు పట్టిన రోజున పంపును పగలు కూడా గంటకు 20 నిమిషాలకే పరిమితం చేసి, గాలి పంపును రోజంతా నడిపితే 320 ఖర్చవుతుంది. అంటే సూర్యుడు అసలు కనిపించకపోయినా ఒకటిన్నర రోజు గడుస్తుంది. ఆ తర్వాత అవసరమైతే పాత కరెంటు పంపు పక్కనే ఉంది. దాన్ని తీసేయలేదు, మీరూ తీసేయకండి.

గాలి పంపు మాట వచ్చింది కనుక అక్కడ కాస్త ఆగుతాను. ఈ ఏర్పాటులో ప్రాణం పోసింది అదే. 1.3 మీటర్ల ఎత్తుకు నీటిని ఎక్కించడానికి 25 వాట్లు పెట్టి, ఆ నీరు కిందికి పడుతూ కలుపుకునే కొద్ది ఆక్సిజన్ కోసం రాత్రంతా చూడటం కంటే, 5 వాట్లతో గాలిని నేరుగా తొట్టి అడుగుకు పంపడం ఎన్నో రెట్లు మేలు. అయితే గాలి పంపు ఒక్కటే సరిపోదు. గుళికల మీది బ్యాక్టీరియాకు నీరు వెళ్లాలి, అమ్మోనియా అక్కడికి చేరాలి. గంటకు 20 నిమిషాలు నీరు తిరిగితే 200 లీటర్లకు పైగా వెళుతుంది, తొట్టెల్లో చాలా చోటు గుళికలదే కనుక రెండు మొక్కల తొట్టెలు ఒకసారి నిండి ఖాళీ అవడానికి అది చాలు. ఇలా నడుస్తున్నప్పటి నుంచి తెల్లవారుజామున మీటరు ఐదున్నరకు తగ్గడం లేదు. బ్యాటరీ వల్ల పంపుకు స్థిరమైన వోల్టేజీ అందుతోంది కనుక ధార మారడం లేదు, సైఫన్ బాధ కూడా పోయింది.

ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ ఎంపీపీటీ రకం (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ శక్తిని రాబట్టేది) తీసుకోండి. చవకైన పీడబ్ల్యూఎం రకం 18 వోల్టుల ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది, నాలుగో వంతుకు పైగా శక్తి అక్కడే పోతుంది. బ్యాటరీ మరీ తగ్గినప్పుడు లోడును ఆపే ఏర్పాటు కంట్రోలర్‌లో ఉంటుంది. ఆ కట్ అయ్యే హద్దును నీటి పంపుకు ముందుగా, గాలి పంపుకు చివరగా వచ్చేలా రెండు వేర్వేరు లైన్లు పెట్టుకోవాలి. ఏది ముందు ఆగినా పరవాలేదు, గాలి ఆగకూడదు.

వైరు విషయంలో కిట్ పొదుపు చేసింది. ప్యానెల్ నుంచి తొట్టికి 10 మీటర్లున్న చోట అలాంటి 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరునే పొడిగిస్తే, పోయి వచ్చే దారిలో దాదాపు ఒక వోల్టు అక్కడే పోతుంది. 12 వోల్టుల్లో ఒక వోల్టు పెద్ద మాటే. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే నష్టం 0.3 వోల్టుకు తగ్గింది. ప్లగ్గులు కూడా తేమకు తాళేవి కావు, వాటిని మొదటే మార్చేశాను.

ఇన్ని ఫిర్యాదులు చేశాక పంపు గురించి మనస్ఫూర్తిగా మంచి మాట చెప్పాలి. తొట్టి పక్కన కూర్చుంటే దాని చప్పుడు వినిపించదు. బ్రష్‌లు లేవు, అరిగిపోయి నీటిలో కలిసే పొడి లేదు, నూనె లేదు. ఇరుసు సిరామిక్, ఒళ్లంతా ప్లాస్టిక్. చేపలున్న నీటిలో ఇది చాలా ముఖ్యం, రాగి, జింకు చేపలకు విషం కనుక గొట్టాల దగ్గర కూడా ఇత్తడి బిగింపులు వాడకండి. నీరు అయిపోతే పంపు తనంతట తానే ఆగిపోతుంది, రెండుసార్లు కావాలని పైకి తీసి చూశాను, ఆగింది. అన్నిటికంటే నాకు నచ్చింది 12 వోల్టులు కావడం. తడి చేతులతో తొట్టిలో చేయి పెట్టేటప్పుడు, పిల్లలు చేపలకు మేత వేసేటప్పుడు కరెంటు భయం లేదు. సోలార్ వల్ల ఆదా అయ్యే కరెంటు కొద్దిదే, ఈ నిశ్చింత మాత్రం పెద్దది.

ఫిల్టర్ స్పాంజి వారానికోసారి కడగాలి, లేకపోతే ధార స్పష్టంగా తగ్గుతుంది. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే స్పాంజిలో చేరిన బ్యాక్టీరియా చనిపోతుంది, కనుక తొట్టి నీటినే ఒక బకెట్‌లోకి తీసుకుని అందులో పిండాలి. పంపును తొట్టి అడుగున పెట్టకుండా, మూడో వంతు నీటి మట్టానికి పైన వేలాడదీయండి. పైన ఎక్కడైనా గొట్టం ఊడి నీరు బయటికి పోయినా పంపు గాలి తగిలి ఆగిపోతుంది, చేపలకు కొంత నీరు మిగులుతుంది.

మేత వేళలు కూడా ఎండను చూసి మార్చాను. తిన్న తర్వాత కొన్ని గంటల పాటు చేపలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, అమ్మోనియా కూడా అప్పుడే ఎక్కువగా వస్తుంది. ఉదయం పది లోపు ఒక మేత, మధ్యాహ్నం రెండు లోపు ఇంకొకటి. ధార నిండుగా ఉన్నప్పుడే ఆ భారం తీరిపోతుంది. చీకటి పడే వేళకు తొట్టి తేలికగా ఉంటుంది. మబ్బు రోజున మేత సగమే వేస్తాను. పూర్తిగా ముసురైతే అసలు వేయను, ఒక రోజు మేత లేకపోతే ఆరోగ్యంగా ఉన్న చేపకు ఏమీ కాదు.

చేపలు లేని కొలనుకు, మొక్కలకు మాత్రమే నీరు తిప్పే తొట్టికి ఈ కిట్ ఉన్నది ఉన్నట్టుగా కొనవచ్చు, ఐదుకు నాలుగు ఇస్తాను. ఇప్పటికే కరెంటు పంపు ఉన్న ఆక్వాపోనిక్స్‌కు పగటి తోడుగా కూడా పనికొస్తుంది. ఏకైక పంపుగా కావాలనుకుంటే కిట్ కొనకుండా ఇదే రకం పంపును విడిగా తీసుకుని, ప్యానెల్, బ్యాటరీ, కంట్రోలర్‌లను మీ ఎత్తు, మీ తొట్టి లెక్కకు సరిపడా ఎంచుకోండి. అలా చేసేటప్పుడు ఒక ఇంపెల్లర్ (పంపు లోపల తిరుగుతూ నీటిని తోసే రెక్కల చక్రం) అదనంగా తెప్పించుకోవడం మరవకండి. పంపులో అరిగే భాగం దాదాపు అదొక్కటే, చేతితోనే మార్చుకోవచ్చు.